గూటిమీద కూర్చున్న తల్లి



ఈ నెల పాఠమునకై ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములను మీ మీ కుటుంబ ప్రార్థనలలో నెమ్మదిగా చదువుకొనుడి. తప్పిపోయిన పొరుగువాని ఎద్దును తోలుకొనివచ్చుటను గూర్చిన మాటలకును, క్రొత్త యింటికి పిట్టగోడ కట్టించుటను గూర్చిన మాటకును నడుమ ఈ చిన్న ఆజ్ఞ యున్నది. త్రోవలో చెట్టుమీదగాని నేలమీదగాని పక్షిగూడు కనబడి, తల్లి తన గుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుండియున్నయెడల, పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనకూడదు, దానిని విడిచిపెట్టవలెను అని దాని భావము. మేము వేదాంత పాఠశాలలో ఈ కాండమును చదివిన దినములలో ఈ రెండు వచనములను ఒక్క నిమిషములో దాటిపోతిమి. మరల మమ్మును అక్కడ నిలువబెట్టినవాడు మా సంఘములోని ఒక చిన్నవాడు.

2017వ సంవత్సరము వేసవిలో పదునాలుగేండ్ల ఆ బాలుడు ఒక సాయంకాలము మా యింటికి వచ్చెను. అతని చేతిలో కాళ్ళు కట్టిన కౌజుపిట్ట యొకటి, తువాలు మూటలో ఏడు గుడ్లు ఉండెను. "అమ్మగారికి ఇమ్మని మా నాయన పంపాడండీ" అనెను. పాదిరి యింటికి తొలిపంటలో కొంత, కోడిపెట్టలో ఒకటి తెచ్చియిచ్చుట మన పల్లెలలో ప్రేమతో జరుగు పని. మేము సంతోషముగా పుచ్చుకొని, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపితిమి. ఆ రాత్రి మా యింట కూర వండిరి. దాచి చెప్పుటకు ఇందులో ఏమియు లేదు, మేము తింటిమి.

కొన్ని నెలలు గడచినవి. ఆదివారపు బడిలో పై వచనములు చదివించుచుండగా ఆ బాలుడు లేచి నిలువబడి, "అయ్యగారూ, అప్పుడు మీకు తెచ్చిచ్చింది తల్లిపిట్టే గదండీ?" అని అడిగెను. ఇతర పిల్లలు నవ్విరి. వాడు నవ్వలేదు. అది యెట్లు దొరికినదని మేము అడిగితిమి. "మామూలప్పుడు కౌజును పట్టడం మా నాయనవల్ల కూడా కాదండీ. గుడ్లమీద ఉంటే మటుకు తేలిక. ఉచ్చు పెట్టి కొంచెం దూరంగా కూచుంటే చాలు, అదే తిరిగి వస్తుంది" అనెను.

అదే తిరిగి వచ్చును. ఈ మాట మమ్మును చాల దినములు వదలలేదు. కౌజు గడ్డిదుబ్బు క్రిందనో ముండ్లపొద మొదటనో నేలను కొంచెము గీరి, గడ్డిపోచలు పరచి, ఆరు మొదలు ఎనిమిది వరకు గుడ్లు పెట్టును. పెట్ట యొక్కతియే ఇంచుమించు పందొమ్మిది దినములు పొదుగును. మనిషి అలికిడి వినినంతనే పరుగెత్తి మాయమగు పక్షి, గుడ్లమీదనున్నప్పుడు మాత్రము కాలు తగులునంతవరకు కదలదు. దానికి ప్రాణభయము లేక కాదు. పారిపోవుటకు కాళ్ళును రెక్కలును ఉన్నవి, అయినను కూర్చుండును, లేచిపోయినను మరల వచ్చును. వేటగాడు ఉచ్చు పన్నునది ఆ తిరిగివచ్చుటమీదనే. ధర్మశాస్త్రము అడ్డగించినదియు సరిగా దానినే అని మాకు అప్పుడు తోచెను. తల్లి ప్రేమను ఆ తల్లికే ఉరిగా వాడుకొనకూడదు. ఈ ఆజ్ఞ వెంట వచ్చు వాగ్దానమును చూడుడి, మేలును దీర్ఘాయువును. తలిదండ్రులను సన్మానించువారికి ఇదే గ్రంథము 5వ అధ్యాయములో చెప్పిన వాగ్దానమును అదియే గదా!

ఆ మీదట మేము పొలముల వెంబడి సంఘస్థులను దర్శింపబోవునప్పుడెల్ల పక్షులను కొంచెము నిలిచి చూచుట అలవాటు చేసికొంటిమి. చూచినవాటిలో తీతువు పిట్టను గూర్చి ముందుగా వ్రాయవలెను. ఎందుకనగా మనము దానికి చేసిన అన్యాయము పెద్దది.

తీతువును ఎరుగనివారు మనలో లేరు. నల్లని గొంతు, తెల్లని పొట్ట, కన్నుల యెదుట ఎఱ్ఱని తోలు, పసుపుపచ్చని పొడుగు కాళ్ళు. రాత్రివేళ అది ఇంటిమీదుగా కూయుచు పోయినయెడల ఆ యింట చావు తప్పదని పెద్దలు చెప్పుదురు. బాప్తిస్మము పొంది ముప్పది యేండ్లయినవారు కూడ ఆ కూత వినగానే పిల్లలను లోపలికి లాగికొందురు. ఒకప్పుడు జబ్బుపడిన ఒక అవ్వ మంచము ప్రక్కన మేము ప్రార్థన చేయుచుండగా బయట తీతువు కూసెను. చుట్టునున్నవారందరు కన్నులు తెరచి ఒకరినొకరు చూచుకొనిరి. మా ప్రార్థన ఎవరి చెవినిబడినదో దేవునికే తెలియవలెను! ఆ అవ్వ తరువాత రెండు సంక్రాంతులు చూచి మరీ ప్రభువునందు నిద్రించెను.

ఆ కూత అర్థమేమో పొలములో తెలిసికొనవచ్చును. తీతువు గూడు కట్టదు. బీడులోనో, దున్ని విడిచిన చేనిలోనో, చెరువు గట్టు ప్రక్కనో నేలను చిన్న పళ్ళెమంత లోతు చేసి, చుట్టును గులకరాళ్ళో మేకపెంటికలో పేర్చి, నడుమ సాధారణముగా నాలుగు గుడ్లు పెట్టును. వాటి సన్నని కొనలు లోపలికి తిరిగియుండును. మట్టిరంగుమీద నల్లని మచ్చలుండుటచేత రెండడుగుల దూరములో నిలిచినను కనబడవు. రైలుకట్ట కంకరలోను, పట్టణములలో మిద్దెలమీదను కూడ గుడ్లు పెట్టినట్లు చూచినవారు కలరు. అట్టి దిగంబరమైన చోట ఇరువదియెనిమిది మొదలు ముప్పది దినములు ఆలుమగలు వంతులవారీగా కాపాడవలెను. కుక్కయు నక్కయు ముంగిసయు కాకియు పశువుల కాలిగిట్టలును అన్నియు శత్రువులే. కాబట్టి ఏ అలికిడియైనను పైకి లేచి అరచును. వెన్నెల రాత్రులలో మెలకువగా తిరుగు పక్షి గనుక రాత్రియు అరచును. అది మన చావును ప్రకటించుట లేదు, తన పిల్లలను హెచ్చరించుచున్నది. ఇది తెలిసిన తరువాత కూడ భయపడువారు భయపడుచునే యున్నారు, మేమేమి చేయగలము!

ఒక మే నెల మధ్యాహ్నము చెరువుగట్టుమీది వేపచెట్టు నీడలో మేము గంటసేపు కూర్చుండి ఒక జంటను చూచితిమి. నేల పెనమువలె కాలుచుండెను. ఆ యెండలో పొదుగుట అనగా వేడి యిచ్చుట కాదు, వేడి తగులకుండ కాచుట. తల్లియో తండ్రియో (వానిలో మగదేదో ఆడదేదో మా కంటికి తెలియలేదు) గుడ్లమీద కూర్చుండక, కాళ్ళు చాచి నిలిచి, తన నీడను వాటిమీద పడనిచ్చెను. కొంతసేపటికి రెండవది వచ్చి వంతు తీసికొనెను. మొదటిది చెరువులోనికి పోయి, నీళ్ళలో పొట్ట ముంచి, తడిసిన యీకలతో తిరిగివచ్చి గుడ్లమీద వాలెను. ఇట్లు రొమ్ము తడిపికొని వచ్చి గుడ్లను చల్లబరచుట ఈ జాతికి అలవాటని పక్షిశాస్త్రము తెలిసినవారు వ్రాసియున్నారు. మేము చూడకముందు దానిని ఎవరైన చెప్పియుండినయెడల పిట్టకథ అనుకొనియుందుము.

ఆ వేళనే బఱ్ఱెలు నీళ్ళకై దిగివచ్చినవి. ఒక బఱ్ఱె నేరుగా గుడ్లవైపు నడచుచుండెను. గుప్పెడంత పిట్ట, రెండు రెక్కలు బారచాపి, దాని ముట్టె యెదుటికి పోయి అరచి అరచి నిలువబడెను. బఱ్ఱె ఒక్క క్షణము ఆగి, తల విదిలించి, ప్రక్కకు తిరిగి పోయెను. మనుష్యుడో కుక్కయో వచ్చినప్పుడు మాత్రము దాని యుక్తి వేరు. కొంచెము దూరము పోయి రెక్క విరిగినదానివలె నేలమీద ఈడ్చుకొనుచు పోవును. వచ్చినవాడు దీనిని పట్టవచ్చునని వెంబడించి గుడ్లకు దూరమగును. అప్పుడు లేచి ఎగిరిపోవును. కౌజు కదలక గుడ్లను దాచును, తీతువు తన్ను తానే ఎరగా చూపి దాచును.

తీతువు పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే నడచును. తలిదండ్రులు వాటి నోట మేత పెట్టరు. వెంటబెట్టుకొనిపోయి మేత యున్న చోట విడుతురు, అంతే. హెచ్చరిక కూత వినబడగానే పిల్ల ఎక్కడనున్నది అక్కడనే నేలకు అతుక్కొని కదలకుండును. పిలిస్తే పలుకని మన పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడుడి.

పిచ్చుక వేరొక విధము. దాని పిల్లలు కన్ను తెరువక, ఈకలు లేక పుట్టును. కీర్తనకారుడు 84వ కీర్తనలో పిచ్చుకను దేవుని బలిపీఠముల దాపున చూచినట్లు మా పాత గుడి పెంకుల సందులలో మేమును చూచెడివారము. ప్రసంగము నడుచుచుండగా గడ్డిపోచలు పెద్దల తలలమీద రాలెడివి. ఇక్కడ గమనింపదగినదొకటి కలదు. పెద్ద పిచ్చుక గింజలు తిని బ్రదుకును, పిల్లలకు మాత్రము మొదటి దినములలో పురుగులు, మెత్తని గొంగళ్ళు ఏరి తెచ్చి పెట్టును. గింజ అరిగించుకొను బలము వాటికి లేదు, పెరుగుటకు పురుగులోని సత్తువ కావలెను. పురుగులమందు విరివిగా చల్లిన చోట గింజలకు కొదువ లేకపోయినను పిచ్చుకపిల్లలకు ఆకలి తప్పదు. 2012లో మేము క్రొత్త గుడికి స్లాబు వేసికొంటిమి. చక్కగా ఉన్నది, వాన కారదు. పిచ్చుక దూరుటకు సందు కూడ లేదు. కట్టునప్పుడు ఆ తలంపు మాలో ఒక్కరికిని రాలేదు.

గిజిగాని గూడును గూర్చి మేమును పలుమారు ప్రసంగించితిమి. బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకో తాటిమట్టకో వ్రేలాడు ఆ గూళ్ళను చూపి, "ఆలుబిడ్డలకొరకు ఎంత కష్టపడుచున్నదో చూడుడి" అని చెప్పెడివారము. కష్టపడు మాట నిజమే. మగపక్షి వరియాకులను, తాటాకులను సన్నని పీలికలుగా చీల్చి తెచ్చి అల్లును. ఒక్క గూటికి ఐదువందల మారులవరకు తిరుగుననియు, ముగియుటకు పదునెనిమిది దినములు పట్టుననియు లెక్క చూచినవారున్నారు. సగము అల్లి, కిరీటమువలె వ్రేలాడగట్టి, రెక్కలు కొట్టుచు ఆడపక్షులను పిలుచును. ఆమె వచ్చి, లోపల దూరి, అల్లిక లాగి చూచి, నచ్చినయెడలనే ఉండును. నచ్చిన తరువాతనే అతడు గుడ్ల అరయు, క్రిందికి దిగు గొట్టమువంటి ద్వారమును పూర్తిచేయును. లోపల తడిమట్టి ముద్దలు కూడ అంటించును. ఇంతవరకు మా ప్రసంగము సరియే.

తరువాతి సంగతి మేము చెప్పలేదు, అప్పటికి తెలియలేదు. గూడు ముగించిన మగగిజిగాడు అక్కడ నిలువడు. ప్రక్క కొమ్మమీద రెండవ గూడు మొదలుపెట్టి వేరొక ఆడపక్షిని పిలుచును. గుడ్లు పొదుగుట మొదటి ఆమె ఒంటరిగా చేయును, మేత భారమును ఇంచుమించు ఆమెదే. బొంబాయికి దగ్గర సముద్రతీరమందున్న కిహీమ్ అను గ్రామములో పక్షిశాస్త్రజ్ఞుడైన సాలిం అలీ 1930లో ఒక గిజిగాండ్ల గుంపును నెలల తరబడి కనిపెట్టి చూచి, మరుసటి సంవత్సరము ఈ వివరములు ప్రకటించెను. గూళ్ళు లెక్కపెట్టి ఇల్లాలి భాగ్యమును కొలువరాదని తెలిసికొని, ఆ దృష్టాంతమును పెండ్లి ప్రసంగములలో వాడుట మేము మానితిమి. దీనికి భిన్నముగా, మన తామర చెరువులలో ఆకులమీద నడచు పొడుగువ్రేళ్ళ పిట్టలలో ఆడది గుడ్లు పెట్టి పోవును. పొదుగువాడును పెంచువాడును తండ్రియే. ఆపద వచ్చినప్పుడు పిల్లలను రెక్క క్రింద ఇరికించుకొని ఎత్తుకొనిపోవు తండ్రులును వానిలో కలరు. కనుక పక్షులను చూచి మానవ సంసారమునకు తొందరపడి పాఠములు తీయకుండుట మంచిది. ఎవరు చేసినను, గూటియొద్ద నిలుచుటలో వ్యయము కలదు. మేము నమ్మి చెప్పగలిగినది అంతే.

ఆ నిలుచుటను మన్నించిన పల్లెలు మన దేశములోనే యున్నవి. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురమునకు గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును యేటేట వచ్చి, ఊరి చెట్లమీదనే గూళ్ళు కట్టును. అనంతపురము ప్రాంతమందలి వీరాపురమునకును, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది, ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చును. ఊరి నడుమ వందలకొలది గూళ్ళనిన ఏమో ఆలోచింపుడి. రెట్టల కంపు, క్రిందపడిన చేపల కుళ్ళు, తెల్లవార్లు పిల్లల అరపులు. కొంగ చేపలను మింగి తెచ్చి గూటిలో కక్కగా పిల్లలు ఏరుకొని తినును. గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలో తలదూర్చి తినును. మిట్టమధ్యాహ్నము కొంగ ఎండకు వీపుపెట్టి, రెక్కలు గొడుగువలె విప్పి పిల్లలమీద నీడ పట్టును. ఈ కంపును సహించి, పక్షులు రానియేడు చింతించి, వచ్చినయేడు శుభమని సంతోషించుచున్న ఆ గ్రామస్థులలో అనేకులు ద్వితీయోపదేశకాండమును ఎన్నడును తెరువనివారే. తెరచినవారమైన మనము ఉచ్చులతో పట్టిన పిట్టను పాదిరికి కానుక తెచ్చుచున్నాము, పాదిరియు పుచ్చుకొనుచున్నాడు. వ్రాయుటకు సిగ్గుగానున్నను వ్రాసితిమి.

కొందరు అడుగవచ్చును. ధర్మశాస్త్రము తల్లిని విడువుమన్నదే గాని గుడ్లను ముట్టవద్దనలేదు గదా, అని. ఆ బాలుని తండ్రియే ఆ మాట అడిగెను. న్యాయమైన ప్రశ్న. ఆహారమునకు వేరే దారి లేనివానికి అంతమట్టుకు అనుమతి యుండెను, తల్లి బ్రదికియుండిన మరల గుడ్లు పెట్టుననుటయు నిజము. అయితే నేడు మన ప్రాంతములో అడవిపిట్ట గుడ్లు లేనిదే ప్రాణము నిలువనివారెవరు? ఇదిగాక 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇట్టి పక్షులను పట్టుటనే గాక, గుడ్లు తీయుటను, గూళ్ళు చెరుపుటను కూడ నేరముగా ఎంచుచున్నది. ఇది చెప్పినప్పుడు అతడు, "అయితే ఆ రోజు తప్పు చేసింది మేము ఒక్కరమే కాదన్నమాట" అనెను. కాదని మేము ఒప్పుకొంటిమి. ఇద్దరము కొంతసేపు ఊరకుంటిమి.

ఆ బాలుడు ఇప్పుడు యువకుడు. చదువు పదవ తరగతితో ఆగినది, అద్దె ట్రాక్టరు నడుపును. 2024 జూను మొదటి వారములో తొలకరి పడిన మరునాడు మేము మోటారు సైకిలుమీద ప్రక్క పల్లె ఆరాధనకు పోవుచుండగా, చేనిలోనుండి కేకవేసి మమ్మును ఆపెను. "అయ్యగారూ, దిగి ఇటు రండి, అడుగు చూసుకొని రండి" అనెను. దున్నిన చాళ్ళ నడుమ ఒక ఎండు కంపపుల్ల పాతి, దానికి ఎఱ్ఱగుడ్డ ముక్క కట్టియుండెను. దానికి రెండు బారల దూరములో తీతువు మా నెత్తిమీద తిరుగుచు చెవులు గింగురుమనునట్లు అరచుచుండెను. ఎంత వెదకినను మాకు గుడ్లు కనబడలేదు. అతడు వ్రేలితో చూపగా కనబడెను, నాలుగు.

"ఎకరానికి ఇంత అని ఒప్పుకున్నాను, ఈ ముక్క వదిలితే రైతు ఏమంటాడో" అని మేమంటిమి.

"అడిగానండీ. ముందు తిట్టాడు. తర్వాత, పిల్లలు లేచిపోయాక వచ్చి ఊరికే దున్ని పెడతానన్నాను. సరే అన్నాడు. ఇంకో పది రోజులు పడుతుందేమో" అని చెప్పి, ఎక్కి బండి కదిపెను. ట్రాక్టరు ఆ ఎఱ్ఱగుడ్డ దగ్గరకు వచ్చి, నాగళ్ళు పైకెత్తి, చుట్టు తిరిగి, అవతల మరల దించెను. పిట్ట అరచుట ఆపి, అటు నిటు చూచి, పరుగున వచ్చి గుడ్లమీద కూర్చుండెను.